అక్షరములు పోతపోయు మూస

రాయచోటి అను పేరును కాగితముమీద వ్రాయుటకు నాలుగక్షరములు చాలును. అదే పేరును ఫోనులో వ్రాసినపుడు యంత్రము తనలో దాచుకొనునవి ఏడు గుర్తులు: ర, దీర్ఘము, య, చ, ఓత్వము, ట, గుడి. 2022 ఏప్రిల్ 4వ తేదీన రాయచోటి కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు అన్నమయ్య పేరు పెట్టిరి. ఆ పేరును చూపునకు నాలుగక్షరములే. యంత్రమునకు ఎనిమిది గుర్తులు. నకారము క్రింద నావత్తు రావలెనన్నచో న, పొల్లు, మరల న అని మూడు గుర్తులు వరుసగా నుండవలెను. ప్రతి గుర్తునకును ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్యలను యూనికోడు అను అంతర్జాతీయపు ఏర్పాటు నిర్ణయించినది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునుండియు తెలుగునకు చోటున్నది. మన లిపి కొరకు అందులో 128 గదులు విడిచియుంచిరి.

అయితే సంఖ్యకు రూపము లేదు. ఏడు సంఖ్యలను చూచి నాలుగు ముచ్చటైన అక్షరములను తెరమీద నిలుపుటకు కావలసిన సామగ్రి ఫాంటులో నుండును. ఆ సామగ్రి రెండు విధములు. ఒకటి గీతలతో గీసిన ఆకృతులు. తెలుగునకు ఇవి వందల కొలది కావలెను. రెండవది ఆ ఆకృతులను కూర్చు నియమములు. చకారమునకు తలకట్టున్నది, ఓత్వము వచ్చినపుడు ఆ తలకట్టును తొలగించి ఓత్వమునంటింపవలెను. నావత్తును నకారమునకు క్రిందుగా నుంచవలెను. యావత్తును కుడివైపునకు తేవలెను. ఇట్టి నియమములలో ఒకటి లోపించినను, అన్నమయ్య అని కనబడవలసినచోట పొల్లులతో ముక్కలైన మాట కనబడును. భూమి పత్రములోని పేరైనను, మందు చీటీలోని మోతాదైనను, పిల్లవాని పాఠమైనను నేడు తెరమీదికి ఈ దారినే వచ్చుచున్నది గనుక, ఈ కూర్పు చక్కగా నుండుట మన ఇంటింటికిని కావలసిన సంగతి.

ఈ ఫాంటులను ఎట్లు తయారుచేయుదురు? ఒకరు చేసిన ఫాంటును పదియేండ్ల తరువాత మరియొకరు, అదే రీతిగా, మరల చేయగలరా? మేము ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఈ రెండవ ప్రశ్నను గూర్చి.

సీసపు అక్షరముల కాలమున ఈ ప్రశ్నకు జవాబు కంటికి కనబడెడిది. అచ్చుకూటములలో అక్షరములొక అరలో, వత్తులు వేరొక అరలో నుండెడివి. అరిగిపోయిన సీసపు ముక్కలను కరిగించి, అక్షరరూపము దిగియున్న అచ్చులో మరల పోసినచో క్రొత్త ముక్కలు వచ్చెడివి. అచ్చు భద్రముగా నున్నంతకాలము ఆ అక్షరమునకు లోటు లేదు. అచ్చు పోయినచో, మిగిలిన ముక్కలు అరుగువరకే దాని ఆయువు.

నేటి ఫాంటునకు ఆ అచ్చు ఎక్కడ నున్నది? మన ఫోనులోనికి వచ్చిన ఫాంటు సీసపు ముక్కవంటిది. దాని వెనుక చిత్రకారుడు గీసిన మూలప్రతి యుండును. ఆ మూలప్రతిని ఫాంటుగా మార్చు పనిముట్లుండును. మూలప్రతియు పనిముట్లును కలిసినప్పుడే అచ్చు పూర్తియగును. మూలప్రతిని దాచుకొనుట సులభము. పనిముట్లను దాచుకొనుటలోనే చిక్కున్నది. ఏలననగా అవి ఒకటి రెండు కావు, మారకుండ నుండునవియు కావు.

ఈ పనిముట్లలో పెక్కు పైథాన్ అను కంప్యూటరు భాషలో వ్రాయబడినవి. గీడో వాన్ రాసమ్ అను డచ్చి దేశస్థుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి ఒక పరిశోధనాలయములో పనిచేయుచు, 1989 చివరను ఈ భాషను ఆరంభించి 1991లో లోకమునకందించెను. అతని తమ్ముడు యుస్ట్ వాన్ రాసమ్ అక్షరచిత్రకారుడు. అన్న కల్పించిన భాషలో తమ్ముడు 1999లో ఫాంట్‌టూల్స్ అను పనిముట్టును రూపొందించెను. ఫాంటును విప్పి, దాని లోపలి పట్టికలను మనుష్యులు చదువదగిన పాఠముగా వ్రాసి చూపుట, దిద్దిన పాఠమును మరల ఫాంటుగా బిగించుట దాని పని. మూలప్రతులను ఫాంటులుగా మార్చు ఫాంట్‌మేక్ మొదలైన నేటి పెద్ద పనిముట్లకు ఇదియే పునాది.

పైథాన్‌లో వ్రాసిన పనిముట్టును ఇతరులు తెచ్చుకొని వాడుకొనుటకు వీలుగా కట్టిన మూటను ప్యాకేజి యందురు. 2003లో నెలకొల్పిన పైపీఐ అను బహిరంగ నిలువలో ఇట్టి ప్యాకేజీలు నేడు ఐదు లక్షలకు పైబడియున్నవి. పిప్ అను సాధనమునకు పేరు చెప్పినచో, ఆ మూటను నిలువనుండి తెచ్చి విప్పిపెట్టును. అయితే ఒక మూట మరియొక మూటమీద ఆధారపడును, అది ఇంకొకదానిమీద. ఫాంట్‌మేక్‌ను ఒక్కదానినే కోరినను, దానివెంట ఫాంట్‌టూల్స్ వచ్చును, మూలప్రతిని చదువు మూట వచ్చును, గీతలను సవరించు మూట వచ్చును. పెండ్లికి ఒకరిని పిలిచినచో ఇంటిల్లిపాదియు బయలుదేరినట్లు, కోరినది ఒకటియైనను చేరునవి పదులు. ఈ మూటలలో ఒక్కొక్కదానిని లోకమున ఒక్కొక్క మూల ఒక్కొక్కరు దిద్దుచు, క్రొత్త సంఖ్య వేసి క్రొత్త కూర్పులను విడుదలచేయుచుందురు.

ఇందలి ప్రమాదము వాల్వుల రేడియోలు వాడిన పెద్దలకు సులువుగా బోధపడును. స్పీకరునకు శక్తినిచ్చు వాల్వు కాలిపోయినపుడు దానిమీది సంఖ్య చూచి, సరిగా దానికి తగినదానినే కొనితేవలసియుండెడిది. ఇ.ఎల్. 84 అను వాల్వునకును ఇ.ఎల్. 34 అను వాల్వునకును పేరులో ఒక్క అంకెయే తేడా. రెండును చేయుపని ఒకే జాతిది. కాని మొదటిదానికి తొమ్మిది సూదులు. రెండవదాని పీట ఎనిమిది సూదులది. ఒకదాని గూటిలో రెండవది దిగనైన దిగదు గనుక తప్పు అక్కడనే బయటపడును. ప్యాకేజీల విషయమున నట్లు కాదు. సంఖ్య మారిన మూట తరచుగా చక్కగనే దిగును, పనియు చేయును, చేయు తీరులో మాత్రము కొంచెము భేదముండును. నిన్న నకారము క్రింద నిలిచిన వత్తు నేడు వెంట్రుకవాసి ప్రక్కకు జరుగవచ్చును. ఎవ్వరును గమనింపకయే ఆ ఫాంటు వేలకొలది ఫోనులకు చేరవచ్చును. కారణము వెదుకబోయినచో, అక్షరము గీసిన చేయి మారలేదు, మూలప్రతి మారలేదు. ఎక్కడనో మూడవ వరుసలోనున్న మూట మారినది.

ఈ చిక్కును దాటుటకు తయారీదారులు మూడు కట్టుబాట్లను ఏర్పరచుకొనిరి.

మొదటిది వేరుగది. ఒకే కంప్యూటరులో రెండు ఫాంటుల పని జరుగుచున్నపుడు, ఒకదానికి పాత కూర్పును రెండవదానికి క్రొత్త కూర్పును కావలసిరావచ్చును. అందువలన ప్రతి ఫాంటు పనికిని ప్రత్యేకముగా ఒక చిన్న గది నేర్పరచి, దాని పనిముట్లను ఆ గదిలోనే ఉంచుదురు. ఒక గదిలోని మార్పు రెండవ గదికి సోకదు. గది పాడైనచో దానిని తుడిచివేసి మరల కట్టుకొనవచ్చును, మూలప్రతికి హానిలేదు.

రెండవది పట్టిక. నిజమునకు పట్టికలు రెండు. మొదటిది చిన్నది; అందులో మనకు కావలసిన ముఖ్యమైన మూటల పేర్లు కొద్ది పంక్తులలో నుండును. రెండవది పెద్దది, దానిని మనుష్యులు వ్రాయరు. పిప్-కంపైల్ అను సాధనము చిన్న పట్టికను చదివి, ఆ మూటల వెంట వచ్చు మూటలను, వాటి వెంట వచ్చు మూటలను లెక్కించి, ఒకదానికొకటి సరిపడు కూర్పులను ఎంచి, ప్రతిదాని సంఖ్యతో సహా పెద్ద పట్టికను వ్రాసిపెట్టును. చిన్న పట్టిక మన కోరిక. పెద్ద పట్టిక ఆ కోరిక నెరవేరిన విధమునకు దస్తావేజు. పదిమంది పది ఊళ్లలో పనిచేసినను ఆ పెద్ద పట్టికనే అనుసరించినచో పదిమంది గదులలోను అవే మూటలు, అవే సంఖ్యలు ఉండును.

మూడవది పనివరుస. దీనికి వాడునది పైథాన్ కంటె పాతదైన మేక్ అను సాధనము. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దీనిని రూపొందించెను. మేక్‌ఫైలు అను పత్రములో, ఇది కావలెనన్నచో ముందు అది యుండవలెను అని వ్రాయుదురు. ఫాంటు కావలెనన్నచో గది సిద్ధముగా నుండవలెను. గది సిద్ధము కావలెనన్నచో పట్టిక యుండవలెను. మేక్ ఆ ఫైళ్లను చివరిసారి ఎప్పుడు మార్చిరో పోల్చి చూచును. గది కట్టిన తరువాత పట్టిక మారినచో మూటలను మరల తెప్పించును. మారనిచో ఆ మెట్టును దాటి మూలప్రతులను చూచును. అవియు మారనిచో చేయవలసిన పని లేదని ఊరకుండును. గది కట్టిన వేళను గుర్తుంచుకొనుటకు అందులో ఒక ఖాళీ ఫైలునుంచుదురు. దానిలో ఒక్క అక్షరమైనను ఉండదు. అది పుట్టిన వేళయే దాని ప్రయోజనము.

ఈ మూడు కట్టుబాట్లను ఎవరు వ్రాసిపెట్టవలెను? అక్షరములు గీయువానికి వంపుసొంపులు తెలియును. మేక్‌ఫైలు వ్రాయుట అతని విద్య కాదు. ఎవరికి తోచినట్లు వారు వ్రాసికొనినచో నూరు ఫాంటులకు నూరు పద్ధతులగును. ఒకరు విడిచిన పనిని మరియొకరు అందుకొనలేరు. ఇందుకొరకే అందరికిని పనికివచ్చు ఒక చట్రమును ముందుగా సిద్ధముచేసి ఉంచుదురు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో, అనేక పుటలకు పనికివచ్చు ఇట్టి సిద్ధపు చట్రమును మూస అనుచున్నారు. లోహమును కరగి పోయు పాత్రకు మనవారు పెట్టుకొనిన పేరది. అక్షరముల పోతకు ఆ మాట మరింత తగియున్నది గనుక మేమును దానినే గ్రహించుచున్నాము.

గూగుల్ ఫాంట్స్ వారు ఫాంటుల తయారీకి ఇట్టి మూసను ఒకదానిని బహిరంగముగా ఉంచిరి. దానిని తెచ్చుకొనినవారికి మేక్‌ఫైలు, చిన్న పెద్ద పట్టికలు, పరీక్షల ఏర్పాటు, అనుమతిపత్రము సిద్ధముగా వచ్చును. క్రొత్తగా నింపవలసినవి కొద్ది: ఫాంటు పేరు, మూలప్రతులు, ఏ మూలప్రతినుండి ఏ ఫాంటు రావలెనో తెలుపు చిన్న వివరపత్రము. పిమ్మట ‘మేక్ బిల్డ్’ అని రెండు మాటలు వ్రాసినచో గది ఏర్పడును, పట్టిక ప్రకారము మూటలు చేరును, ఫాంటు తయారగును. ఇంతియే కాదు. మూలప్రతిలో మార్పుచేసి పంపిన ప్రతిసారియు, దూరమునందలి కంప్యూటరొకటి, ఒక్క పనిముట్టైనను లేని స్థితినుండి ఆరంభించి, ఈ పనినంతయు మరల చేసి చూచును. మన కంప్యూటరులో ఎప్పుడో తెచ్చిపెట్టుకొని, పట్టికలో వ్రాయ మరచిన మూట ఏదైన ఉన్నచో, అక్కడ పని ఆగిపోవును. లోపము అప్పుడే తెలిసిపోవును.

తెలుగునకు సంబంధించిన ఉదాహరణమును నోటో అను ఫాంటుల కుటుంబమున చూడవచ్చును. అక్షరము దొరకనిచోట తెరమీద తెల్లని డబ్బాలు కనబడుట మనమెరిగినదే. అట్టి డబ్బాలు ఏ భాషవారికిని కనబడరాదను సంకల్పముతో గూగుల్ వారు ఈ కుటుంబమును చేయించిరి. అందులో తెలుగునకు నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు అని రెండు ముఖ్యమైన ఫాంటులున్నవి. లిపికొక నిలువ చొప్పున మూలప్రతులను విడివిడిగా ఉంచిరి. తెలుగునకు ఒకటి, కన్నడమునకు ఒకటి, తమిళమునకు ఒకటి. అన్నిటికిని మూస మాత్రము ఒకటే. తెలుగు నిలువను తెరచి చూచినవానికి కన్నడపు నిలువలో ఏది ఎక్కడ నుండునో చెప్పకయే తెలియును. తెలుగు పనిని నేర్చినవాడు కన్నడపు పనికి సాయపడగలడు. వత్తులు, గుణింతములు ఏ లిపివి ఆ లిపివే. గది కట్టు విధానము, పట్టిక వ్రాయు విధానము, పనివరుస అందరివి.

మూస వలన కలుగు పెద్ద మేలు సవరణల కాలమున తెలియును. పనివరుసలో ఒక లోపము కనబడినచో, దానిని మూసలో ఒక్కమారు దిద్దినచో చాలును. తరువాత ఒక్కొక్క నిలువవారును ఒక చిన్న ఆజ్ఞతో ఆ దిద్దుబాటును తమ పనిలోనికి తెచ్చుకొనవచ్చును. దీనికి మన ప్రాంతమునందే ఒక పాత పోలిక కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. తరువాతి కాలమున అచ్చట ఆయన ఒకే కావ్యమునకు పలుచోట్లనుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, పండితులచేత సరిపోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించెను. శుద్ధప్రతిలో దిద్దిన తప్పు దానినుండి తీయు ప్రతులలోనికి రాదు. అట్లే శుద్ధప్రతిలో ఒక తప్పు నిలిచిపోయినచో అది అన్ని ప్రతులలోనికిని దిగును. మూసయు అంతియే. దానిలోని మంచి ఎందరికి అందునో, దానిలోని పొరపాటును అందరికే అందును. అందువలన మూసను మార్చు అధికారము కొందరిచేతిలోనే ఉండుట, మార్చిన ప్రతిసారియు కొన్ని ఫాంటులను తయారుచేసి చూచిన పిదపనే ఇతరులకిచ్చుట మేలైన పద్ధతి. మూసను వాడుకొనువారికిని ఒక నియమమున్నది. ఉమ్మడి పత్రములలో తమ సొంత మార్పులను వ్రాయరాదు. రేపు మూస క్రొత్త కూర్పు వచ్చినపుడు అవి తుడిచిపెట్టుకొనిపోవును. సొంతమైనదంతయు సొంత వివరపత్రముననే ఉండవలెను.

ఇక నమ్మకము మాట. పైపీఐ నిలువలో మూటను ఎవరైనను ఉంచవచ్చును గనుక, మోసగాండ్రును ఉంచుదురు. జెల్లీఫిష్ అను మంచి ప్యాకేజి యొకటి కలదు. దాని ఆంగ్లపు పేరులో ఒక చిన్నబడి ఎల్ అక్షరమునకు మారుగా పెద్దబడి ఐ అక్షరమును వ్రాసి, చూపునకు భేదము తెలియకుండ ఒక దొంగ ప్యాకేజిని ఎవరో ఉంచిరి. అది వాడుకరుల రహస్యపు తాళములను దొంగిలించునదని 2019 డిసెంబరులో బయటపడి తొలగింపబడినది. మన లిపిలో ద, ధ అను అక్షరముల నడుమ నున్న భేదమెంతో, ఆ రెండు పేర్ల నడుమ నున్న భేదమంత. 2022 డిసెంబరు 25 మొదలు 30 వరకు మరియొక విధమైన మోసము జరిగినది. పైటార్చ్ అను ప్రసిద్ధమైన సాధనము యొక్క ప్రయోగదశలోని కూర్పులు తమ సొంత నిలువనుండి తెచ్చుకొను మూట పేరుతోనే, పైపీఐలో ఒక దొంగ మూట వెలసినది; పిప్ ఆ దొంగ మూటనే ముందుగా తెచ్చినది.

ఇట్టివానినుండి కాపాడుకొనుటకు ముద్రసంఖ్య అను ఉపాయమున్నది. ఒక మూటలోని విషయమునంతయు షా-256 అను లెక్కలోనికి పంపినచో 64 అక్షరముల గుర్తొకటి వచ్చును. మూటలో ఒక్క చుక్క మారినను ఆ గుర్తు పూర్తిగా మారిపోవును. మనము కోరినచో పెద్ద పట్టికలో ప్రతి మూట సంఖ్య ప్రక్కను దాని ముద్రసంఖ్యను కూడ వ్రాయించుకొనవచ్చును. అప్పుడు పిప్ తెచ్చిన మూటను ముందు లెక్కగట్టి, పట్టికలోని గుర్తుతో సరిపోలనిచో లోనికి రానీయదు. ముద్ర చెదరిన లక్కబిళ్లను చూచి ఉత్తరమును తిప్పి పంపినట్లు పని అక్కడనే ఆగును. అయితే మొదటిసారి పట్టిక వ్రాయునపుడే దొంగ పేరు వ్రాసికొనినచో ముద్రసంఖ్య ఆ దొంగనే కాపాడును. పేరు సరిచూచుకొను బాధ్యత మనుష్యునిదే.

పట్టికను ఒకసారి వ్రాసి తాళము వేసినంతమాత్రమున పని ముగియదు. పైథాన్ భాషయే మారుచుండును. పైథాన్ రెండవ తరమునకు 2020 జనవరి 1వ తేదీనుండి ఆదరువు నిలిచిపోయినది; దానికొరకు వ్రాసిన పాఠములను పెక్కింటిని దిద్దకున్నచో మూడవ తరములో నడువవు. ప్యాకేజీలు కట్టుటకు 2000 ప్రాంతమున భాషతోకూడ వచ్చిన డిస్ట్‌యుటిల్స్ అను భాగమును 2023 అక్టోబరులో వెలువడిన 3.12 కూర్పునుండి తొలగించిరి. దానిమీద ఆధారపడిన పాత మూటలు క్రొత్త యంత్రములలో దిగకపోయెను. పదియేండ్లు తాకని పట్టిక పాతగూడెము తలుపు తాళమువంటిది. తాళపుచెవి చేతనున్నను తుప్పువలన తలుపు తెరువరాదు. కనుకనే మూసలో పట్టికను క్రొత్తది చేయు ఆజ్ఞయు ఉంచిరి. కొంతకాలమునకొకసారి తాళము తీసి, క్రొత్త కూర్పులతో పట్టికను మరల వ్రాయించి, ఫాంటును తయారుచేసి, పాత ఫాంటుతో పోల్చి, తేడా లేదని తేలిన పిదప మరల తాళము వేయవలెను. పంటకాలువ పూడిక తీసినట్లు ఇది ఏటేట చేయదగిన పని.

తేడా లేదని తేల్చునదెవరు? మూసతో వచ్చు పరీక్షా సాధనములు కొంత తేల్చును. ఫాంటు పేరు సరిగా నున్నదా, ఆకృతుల కొలతలు హద్దుమీరినవా, అనుమతిపత్రము చేర్చబడినదా యని అవి చూడగలవు. కాని తెలుగు తెలిసినవారి కన్ను వాటికి లేదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి పాఠకులలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. జకారము, ఞావత్తు కలిసిన ఒక తెలుగు అక్షరపు కూర్పు ఐఫోనునకు చేరినచో, ఆ సందేశమును చూపవలసిన అప్లికేషను కుప్పకూలెడిది. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన దిద్దుబాటును విడుదలచేసిరి. ఆ లోపము ఫాంటు తయారీలోనిది కాదు, అక్షరములను కూర్చి చూపు వ్యవస్థలోనిది. అయినను అది నేర్పు పాఠము ఇక్కడ వర్తించును: తెలుగు అక్షరముల కలయికలను తెలుగువారు ముందుగా వ్రాసియిచ్చి పరీక్షింపజేయనిచో, ఆ పరీక్ష వాడుకరి చేతిలో జరుగును.

ఇట్టి పరీక్షకు మాటలు మన చుట్టునే యున్నవి. రాయచోటి పరిసరములలోని ఊళ్ల పేర్లే తీసికొందము. లక్కిరెడ్డిపల్లె అను ఒక్క పేరులో మూడు ద్విత్వములున్నవి. మొదటి రెండింటికి పైన గుడియు క్రింద వత్తును, మూడవదానికి ఎత్వమును వత్తును చేరినవి. రాయచోటిలో వెలసిన వీరభద్రస్వామి పేరులో దకారమునకు రావత్తును, సకారమునకు వావత్తుతోపాటు దీర్ఘమును వచ్చును. చిన్నమండెం, సంబేపల్లె అను పేర్లలో సున్నయు ఏత్వమును పరీక్షకు వచ్చును. లక్ష్మి, స్త్రీ అను మాటలు మూడు హల్లులు కలిసినపుడు ఫాంటు ఎట్లు నిలుచునో తెలుపును. ఇట్టి మాటలను ఒక పత్రమున వ్రాసి మూలప్రతితోకూడ ఉంచినచో, పట్టిక మారిన ప్రతిసారియు పాత ఫాంటుతో వ్రాసిన పుటను, క్రొత్త ఫాంటుతో వ్రాసిన పుటను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును. రెండు పుటలను పోల్చి తేడాలను ఎత్తిచూపు పనిముట్లు ఉన్నవి. ఆ తేడా తప్పో ఒప్పో చెప్పవలసినవారు తెలుగు చదువగలవారు.

ఈ పనికి పూనుకొనదలచిన యువకులకు అడ్డులేవియు లేవు. కాలిఫోర్నియాలో తెలుగువారు స్థాపించుకొనిన సిలికానాంధ్ర సంస్థ పలు తెలుగు ఫాంటులను ఉచితముగా లోకమునకిచ్చినది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, గిడుగు, గురజాడ, మండలి అను పేర్లతో అవి నేడు గూగుల్ ఫాంట్స్‌లో దొరకును. కడప సీమలోని కోకట గ్రామముతో అల్లసాని పెద్దనకు గల సంబంధమును తలచినచో, ఆ పేరుగల అక్షరములు మన ప్రాంతమువారికి పరాయివి కావు. 2007లో వెలువడిన బహిరంగ ఫాంటు అనుమతిపత్రపు 1.1వ కూర్పు ప్రకారము వీటిని ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని అదే అనుమతితో పదిమందికి పంచవచ్చును. ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకొనరాదు. పైథాన్, మేక్, ఫాంట్‌టూల్స్, మూస ఇవన్నియు వెల చెల్లింపనక్కరలేనివే. కావలసినవి ఒక సామాన్యమైన కంప్యూటరు, మూటలు తెచ్చుకొనుటకు అంతర్జాలము, నేర్చుకొనుటకు ఓపిక.

అనుమతి యున్నంతమాత్రమున చాలదని మాత్రము మరువరాదు. దిద్దుటకు హక్కున్నను, దిద్దినదానిని మరల తయారుచేయు దారి తెలియనిచో ఆ హక్కు కాగితముమీదనే నిలిచిపోవును. కనుక తెలుగు ఫాంటులను చేయువారికి మా విన్నపమిది. పని ముగిసిననాడు ఫాంటునొక్కదానినే లోకమునకు విడువక, దాని మూలప్రతిని, మూటల పెద్ద పట్టికను, వాడిన మూసను, తెలుగు మాటల పరీక్షాపత్రమును ఒకేచోట బహిరంగముగా ఉంచవలెను. ఉంచుటకు ముందు మరియొక ఊరిలోని మిత్రుని అడిగి, ఆ నాలుగింటితోనే అతని కంప్యూటరులో ఫాంటును ఒకసారి తయారుచేయించి చూడవలెను. అతని తెరమీద రాయచోటి, లక్కిరెడ్డిపల్లె అను పేర్లు మన తెరమీద ఉన్నట్లే కనబడినచో, ఆ ఫాంటు ఇక ఒక్కరి యంత్రమును నమ్ముకొని బ్రతుకవలసిన పనిలేదు.